పెళ్లికూతురి తల మీద: టోప్లి, ఘుగ్రి, ఘుంగ్టో చేయించుకునే ముచ్చట
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం చిన్నది. పెళ్లికూతురి తల మీది సొమ్ము ఎట్ల ఎంచుకోవాలె, ఎట్ల చేయించుకోవాలె అని. కళ గురించి, సంస్కృతి గురించి పెద్ద మాటలు పెద్దవాళ్లు చెప్తరు. నేను కొలతల గురించి, తూకం గురించి, కూలి గురించి మాట్లాడుత. ఎందుకంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల తండాల్లో ఇప్పుడు పెళ్లి కుదిరిన ప్రతి ఇంట్లో ఈ ప్రశ్న వస్తున్నది. పట్టుచీర కట్టాలా, ఫేటియా కట్టాలా? ఫేటియా కడితే తల మీదికి ఏది పెట్టాలె? అద్దెకు తెచ్చుకుందామా, నానమ్మది కరిగించి కొత్తది చేయిద్దామా?

ముందే నా మాట చెప్పేస్త. మన తల సొమ్ము ఒక దుకాణంలో దొరికే ఒక వస్తువు కాదు. అది ముగ్గురి పని. వెండి పని అవుసలాయనది. గుడ్డ మీద కుట్టు తండాలో యాడిది. జుట్టుకు కట్టే పని ఇంకో పెద్దామెది. ఆర్డర్ ఇస్తున్నమంటే ఈ మూడు చేతులకూ పని ఇస్తున్నమని అర్థం. ఒక్క వెండికే డబ్బులు పెట్టి మిగతా రెండు చేతులను మరిస్తే, పెట్టెల వెండి ఉంటది గానీ పెట్టుకునే తెలివి పోతది.

చిన్నపిల్లల కోసం పేర్లు ఒకసారి చెప్పుకుందాం. పలుకు తండా తండాకు కొంచెం మారుతది, దాని మీద పంచాయితీ వద్దు. చెవులకు ముందు, చెంపల పక్కన జుట్టు పాయకు కట్టే వెండి కుప్పెను టోప్లి అంటం. దాని కింద గుత్తిగా వేలాడే చిన్న చిన్న గుండ్లు ఘుగ్రీలు. జడ చివర వేలాడే కుచ్చులు చోట్లా. తల మీద కప్పుకునేది టుక్రి. ఆ టుక్రి నుదుటి మీద, తల మీద పడే చోట అద్దాలు, గవ్వలు, బిళ్లలు పెట్టి కుట్టిన వెడల్పు పట్టీ ఘుంగ్టో. టోప్లి, ఘుగ్రి ఉన్నయంటే ఆమె పెళ్లయిన ఆడబిడ్డ అని మన పెద్దలు దూరం నుండే గుర్తుపట్టేవాళ్లు. తెలుగువాళ్లకు పుస్తె, మట్టెలు ఎట్లనో మనకు ఇవి అట్ల.

ఇంత బరువు తల మీద ఎందుకు పెట్టుకున్నరు అని పిల్లలు అడుగుతరు. మనవాళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరూ తిరిగిన వ్యాపారులు. ఇల్లు లేదు, గోడ లేదు, బీరువా లేదు. ఉన్న సంపాదనను ఒంటి మీద మోసిన్రు. రోడ్లు, రైళ్లు వచ్చినంక ఆ వ్యాపారం పోయింది, మనవాళ్లు తండాలు కట్టుకొని భూమి పట్టిన్రు. కానీ వెండిని దాచుకునే తీరు మాత్రం ఆడవాళ్ల ఒంటి మీద నిలిచిపోయింది. కాబట్టి ఆ వెండి సింగారం ఒక్కటే కాదు, ఆడబిడ్డ చేతిలో ఉన్న ఆస్తి కూడా. కరువు వస్తే ముందు కుదువకు పోయింది అదే.

ఇప్పుడు పెళ్లి పనికి వద్దాం. మన ముందర మూడు దారులు ఉన్నయి: ఇంట్లో ఉన్న పాతది, కొత్తగా చేయించేది, అద్దెది.

మొదట పాతది. నానమ్మ పెట్టెలో నల్లబడ్డ టోప్లీలు ఉంటయి. బిడ్డ పెళ్లి అనంగనే దుకాణానికి తీసుకపోయి తూకం వేసి, ఆ వెండి కిందికి కొత్త గొలుసో పట్టీలో తెచ్చుకునే అలవాటు పెరిగింది. నేను చెప్పేది ఒక్కటే, కరిగించే ముందు ఆగండి. నల్లబడ్డది చెడిపోయినట్టు కాదు. వెండికి గాలి తగిలితే నలుపు ఎక్కుతది. కుంకుడుకాయ పులుసుతో మెత్తని బ్రష్షు పెట్టి కడిగితే మురికి చాలావరకు పోతది. ఊడిన ఘుగ్రీలకు అవుసలాయన టంకం పెడతడు. కరిగిస్తే చేతికి వచ్చేది వెండి ధర మాత్రమే. అప్పటి మనిషి చేతిపనికి దుకాణంలో ఎవరూ విలువ కట్టరు. అట్ల తయారుచేసే మనిషి మళ్లీ దొరుకుతడో లేదో తెలియదు.

పాత బిళ్లలను కూడా తిప్పి చూడండి. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండె, కాబట్టి పాత గొలుసుల్లో, ఘుంగ్టోల మీద చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయలు కనబడతయి. బ్రిటిష్ రాజుల తలలు ఉన్న రూపాయలు కూడా ఉంటయి. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాముల బిళ్ల, నూటికి 91 పాళ్లకు పైన వెండి. 1940 తరువాత వాటిలో వెండిని సగానికి తగ్గించిన్రు. 1947 నాటి రూపాయిలో అసలు వెండే లేదు, అది నికెల్. అన్నీ ఒకటే అనుకొని ఒకే తక్కెడలో వేయొద్దు. కొక్కెం వేసిన బిళ్లను అయినా సరే, ఏ సంవత్సరందో చదివినంకనే నిర్ణయం తీసుకోండి.

రెండవది కొత్తగా చేయించుకోవడం. ఇక్కడ దుకాణానికి పోకముందే ఇంట్లో చేసే పని ఎక్కువ ఉన్నది. పెళ్లికూతురును కూర్చోబెట్టి మూడు సంగతులు చూడండి.

ఒకటి, జుట్టు. ఇదివరకు పాయలుగా అల్లి, ఆ అల్లిక మీద బరువు నిలిపేవాళ్లు. ఇప్పుడు చాలామంది పిల్లలకు జుట్టు పలుచగ ఉన్నది, కొందరు పొట్టిగ కత్తిరించుకున్నరు. నానమ్మ టోప్లి బరువు ఆ జుట్టుకు కడితే సాయంత్రానికి తలనొప్పి, మరునాటికి కుదుళ్లు నొప్పి. అసుంటి బిడ్డకు రెండు తీర్లు ఉన్నయి. డొల్లగా, పలుచటి రేకుతో తేలికగ చేయించవచ్చు. లేదంటే తల వెనుక నుండి తిరిగే మెత్తని గుడ్డపట్టీకి కొక్కేలు పెట్టించి, బరువు జుట్టు మీద కాక తల మొత్తం మీద పడేటట్టు చేయవచ్చు. పైన టుక్రి కప్పుకుంటే ఆ పట్టీ కనబడదు.

రెండు, ఎన్నిసార్లు పెట్టుకుంటది. పెళ్లినాడు ఒక్కపూటనా, లేక తీజ్ పండుగకు, సేవాలాల్ జయంతికి, అన్న పెళ్లికి కూడా పెట్టుకుంటదా? ఒక్కపూటకే అయితే కొత్తది చేయించే అవసరం లేదు, చిన్నమ్మనో మేనత్తనో అడిగి తెచ్చుకోవచ్చు. పదిసార్లు పెట్టుకునే మనసు ఉంటేనే ఖర్చు పెట్టండి.

మూడు, అద్దం ముందు ఆమెకు ఏది నచ్చింది. ఇది ఆఖరుకు చెప్పిన గానీ ముఖ్యమైనది. పెద్దల మాటకు తల వంచి పెట్టుకున్న సొమ్ము ఫొటో దిగినంక పెట్టెలకు పోతది. తను ఎంచుకున్నది తను జాగ్రత్త చేసుకుంటది. తండ్రులు, అన్నలు గల్ఫ్‌లో ఉండి వాట్సాప్‌లో బొమ్మలు చూసి డబ్బులు పంపుతున్నరు. మంచిదే, వాళ్ల చెమట అది. కానీ బొమ్మలో బరువు కనబడదు. దుబాయి నుండి బాపు ఖరారు చేసే ముందు, బిడ్డ ఒకసారి పాతది తలకు కట్టుకొని గంటసేపు ఇంట్లో తిరిగి చూడాలె.

ఇంక దుకాణం. పోయేటప్పుడు ఫోన్లో ఫొటో ఒక్కటే తీసుకపోవద్దు, పాత టోప్లి ఒకటి చేతిలో పట్టుకపోండి. దాన్ని చూసి ఎత్తు, మూతి వెడల్పు, ఘుగ్రీల లెక్క కాగితం మీద రాయించండి. మన కరీంనగర్ వెండి తీగ పనికి దేశమంతా పేరు ఉన్నది, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. ఆ పని సన్నని వెండి తీగలను మెలిపెట్టి అల్లేది. మన టోప్లి పని వేరు, రేకు కొట్టి గుండ్లు అతికేది. తీగ పని బాగా చేసే మనిషి అయినా టోప్లి ఎన్నడూ చేయకపోతే, నమూనా ఒకటి చేసి చూపించమని అడగడం తప్పు కాదు.

వెండి స్వచ్ఛత సంగతి కాగితం మీద ఉండాలె. 925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. 800 అంటే 800 పాళ్లే. 200 గ్రాముల జత చేయిస్తే, 925లో అసలు వెండి 185 గ్రాములు, 800లో 160 గ్రాములు. తేడా 25 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలు దాటిన కాలం ఇది. లెక్క సులువు కోసం గ్రాముకు వంద అనుకున్నా, ఆ తేడా 2,500 రూపాయలు. జర్మన్ సిల్వర్ అనేదాంట్లో అసలు వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. తెలిసి కొనుక్కుంటే తప్పు లేదు, తేలికగ తక్కువలో వస్తది. వెండి ధర పెట్టి కొంటేనే నష్టం. నికెల్ కొందరి చర్మానికి పడదు, దురద పుడతది. చెంపకు తగిలే సొమ్ము కాబట్టి అది కూడా చూసుకోండి.

వెండికి కూడా హాల్‌మార్క్ ఉన్నది. 2025 సెప్టెంబర్ 1 నుండి వెండి నగల హాల్‌మార్క్‌లో ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య కూడా వేస్తున్నరు. అది బంగారానికి లాగ తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లకే. కానీ అడిగే హక్కు మనకు ఉన్నది. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. పెళ్లి ఖర్చులో కూడా బిల్లు అడిగి తీసుకోండి. బిల్లులో తూకం, స్వచ్ఛత, మజూరీ, తరుగు వేరువేరుగా రాయించండి. పాత వెండి ఇస్తే ఎన్ని గ్రాములు, ఏ లెక్కన తీసుకున్నరో అదే కాగితం మీద ఉండాలె.

తయారైనంక తీసుకునే ముందు నాలుగు పరీక్షలు. కుడి జత, ఎడమ జత వేరువేరుగా తూకం వేయించండి. ఒకవైపు బరువెక్కువైతే ఆ పక్కకే తల గుంజుతది. అంచుల మీద బొటనవేలు తిప్పండి, గీసుకుంటే మళ్లీ ఆకురాయి పట్టించండి. లేకపోతే టుక్రి దారాలు లేస్తయి, చెంప గీసుకుంటది. ఘుగ్రీలను ఒక్కొక్కదాన్ని మెల్లగ లాగి చూడండి, టంకం పచ్చిగ ఉంటే అక్కడనే బయటపడతది. చివరికి చెవి దగ్గర ఊపి వినండి. ఘుగ్రికి చప్పుడే ప్రాణం. నడిస్తే వినబడాలె.

ఇప్పుడు గుడ్డ. మన సిరిసిల్ల సాంచాల ఊరు, బట్టకు కొదువ లేదు. అయితే సాంచాల మీద నేసేది ఎక్కువగా పాలిస్టర్. ఘుంగ్టో పట్టీకి లోపల వేసే గుడ్డ మందపాటి నూలుది కావాలె. జారే గుడ్డ మీద గవ్వలు, బిళ్లలు పెడితే బరువుకు కుట్టు లాగి ముడతలు పడతది. రంగు ముందుగనే నీళ్లలో తడిపి చూడండి. ఎర్ర గుడ్డ రంగు దిగితే తెల్ల దారం పని అంతా పాడైతది. అద్దాలు అతికించినవి వద్దు, చుట్టూ దారంతో కట్టి కుట్టినవి కావాలె. అతికించిన అద్దం వేసవి ఎండకు జిగురు వదిలి రాలిపోతది.

కుట్టే యాడికి కూలి ఎంత? దీని మీద నాకు కొంచెం కోపం ఉన్నది, దాచుకోను. దుకాణంలో మజూరీ ఎంత అంటే అంత ఇస్తం, మారు మాట్లాడం. అదే పిన్ని వరుస అయ్యే ఆమె రాత్రి బల్బు కింద కండ్లు పోగొట్టుకొని కుట్టి ఇస్తే, ఒక చీర పెట్టి పంపిస్తం. ఆమె బిడ్డ ఆ పని ఎందుకు నేర్చుకుంటది? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పది రోజుల పని ఉన్న ఘుంగ్టోకు ఆ లెక్కన చూసినా 3,070 రూపాయలు అయితయి. మట్టి తవ్వే పనికి ప్రభుత్వం కట్టిన కూలి అది. సూది పనికి అంతకంటే ఎక్కువే రావాలె గానీ తగ్గకూడదు. చుట్టరికం ఉంటే చీర పైన పెట్టండి, కూలి బదులు పెట్టొద్దు.

పక్క రాష్ట్రం చూడండి. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా మన ఆడవాళ్లు కుట్టిన 1,755 పనులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించిన్రు. వాళ్ల సూది, మన సూది ఒక్కటే. అక్కడ ఒక సంస్థ నిలబడి కూలి ఇచ్చింది, కుట్లకు పేర్లు రాసి పెట్టింది. మన దగ్గర ఆ రెండూ జరగలేదు. మన పక్కనే ఆదిలాబాద్‌లో గుస్సాడీ ఆట ఆడే గోండు అన్నలు నెమలి ఈకల కిరీటం పెట్టుకుంటరు. 2021లో కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చినంక ఆ కిరీటాన్ని దేశమంతా చూసింది. మన ఆడవాళ్ల తల మీది పనికి కూడా ఆ మర్యాద రావాలంటే ముందు మన ఇండ్లల్లో రావాలె.

మూడవది అద్దె. అద్దెకు తెచ్చుకునేవాళ్లను తక్కువ చేసి మాట్లాడొద్దు. వెండి కొనే శక్తి అందరికీ లేదు. అప్పు చేసి టోప్లి చేయించి, పెళ్లయిన ఆరునెలలకు దాన్నే కుదువ పెట్టే గతి వద్దు. అయితే టౌన్‌లో అద్దెకు ఇచ్చే సెట్లు చాలావరకు సినిమా ఆటకు, స్కూల్ ఫంక్షన్‌కు చేసినవి. అందుకే ఈ సంఘానికి ఒక విన్నపం. ఉమ్మడిగా రెండు మూడు మంచి జతలు చేయించి పెడదాం. లేనింటి బిడ్డ పెళ్లికి పైసా లేకుండా ఇద్దాం.

ఇంక కట్టడం. జుట్టును ఎన్ని పాయలు తీయాలె, ఏ పాయకు టోప్లి కట్టాలె, ఘుంగ్టో జారకుండ ఎట్ల నిలపాలె అన్నది చేతి విద్య. పెళ్లినాడు పొద్దున బ్యూటీ పార్లర్ బిడ్డను, మన పెద్దామెను ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒకరు నేర్పితే ఒకరు నేర్చుకుంటరు. పెళ్లికి వారం ముందు ఒకసారి కట్టి చూసుకోండి. ఆ పూట ఫోన్‌తో వీడియో తీసి పెట్టండి. వీలైతే ఢావలో పాడే యాడీలను కూడా ఆనాడే పిలవండి, చేతులు పని చేస్తుంటే పాట దానంతట అదే వస్తది.

ఆఖరుకు ఒక కష్టమైన మాట. ఒక చదువుకున్న బిడ్డ నన్ను అడిగింది. "అక్కా, భర్త పోతే టోప్లి, ఘుగ్రి తీసేయిస్తరు కదా. రేపు తీసేయించేదాన్ని ఇయ్యాల నేనెందుకు పెట్టుకోవాలె?" అని. దానికి సంస్కృతి అని ఒక్క మాటతో నోరు మూయించలేం. నేను అనుకునేది చెప్త. పెట్టుకోవడం మన ఆడవాళ్లు తయారుచేసుకున్న అందం. తీసేయించడం పదిమందిలో ఒక మనిషి దుఃఖాన్ని చూపెట్టే పద్ధతి. మొదటిదాన్ని కాపాడుకోవడానికి రెండవదాన్ని మోయాల్సిన పని లేదు. నాయక్, కార్భారీ పెద్దలు ఇక్కడ ఉన్నరు. టోప్లి ఆడబిడ్డ సొత్తు, ఉంచుకోవాలా తీయాలా అన్నది ఆమె ఇష్టం అని తండా తండాకూ పెద్దమనుషులు కూర్చొని ఒక మాట అనుకుంటే, వద్దన్న బిడ్డలు కూడా పెట్టుకుంటరు. ఆ మాట అనకుండ పిల్లలు మన వేషం మరిచిపోతున్నరని బాధపడితే న్యాయం కాదు.

ఇంటికి పోయినంక ఈ మూడు పనులు చేయండి. పెట్టెలో ఉన్న పాత టోప్లికి ఫొటో తీసి, బరువు, కొలత, ఎవరిదో ఆమె పేరు ఒక నోటుబుక్కులో రాయండి. మీ తండాలో ఘుంగ్టో కుట్టేవాళ్లు, తల కట్టేవాళ్లు ఎంతమంది ఉన్నరో లెక్క తీసి సంఘానికి ఇవ్వండి. ఈ ఏడు మీ ఇంట్ల పెళ్లి ఉంటే కనీసం రెండు నెలల ముందు పని మొదలుపెట్టండి. తొందరలో చేసిన టంకం, తొందరలో వేసిన కుట్టు రెండూ పెండ్లి పందిరిలోనే ఊడిపోతయి.